కోడలి చేతి మీద నా అంగిలి

పలుకు 1. అమావాస్య పోటు దిగాక

ఈ పెట్టెకి చెవి ఉంది, నోరు లేదు. నాకు నోరుండీ లేదు. మా ఇద్దరికీ జత కుదిర్చి ఇంటికి పంపారు ఆస్పత్రివాళ్ళు.

నా పేరు మైలపల్లి కాసులమ్మ. డెబ్బై దాటాయి. సముద్రపు గోడ మీద తెల్లారగట్ల చేపల వేలంపాట జరుగుతుందే, ఆ పాట పాడేది నేనే. సముద్రం లోపలికి రాకముందు మా అమ్మ ఇసకలో నిలబడి పాడేది. గోడ కట్టాక నేను గోడెక్కి పాడాను. అక్షరం ముక్క రాదు. రావలసిన అవసరమూ పడలేదు. ఇక్కడ తలుపు తీయాలన్నా, తాగునీళ్ళు పట్టాలన్నా, పడవని పిలవాలన్నా అన్నీ గొంతు విని పనిచేసేవే. సంతకం కూడా గొంతే. గొంతున్నంత కాలం నేను దొరసానిని.

పోయినేడు నా అంగిలి కోసి తీసేశారు. పుండు కేన్సరని తేలింది. నాది అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట కాలే కొసని నోటి లోపలికి పెట్టుకుని పీల్చడం. నీళ్ళలో వలలు కట్టి చేపలు పెంచే వలగదుల దగ్గర గాలికి బయట నిప్పు నిలవదు, నోట్లో అయితే ఆరదు. మా ఆడవాళ్ళకి తరతరాలుగా అదే మందు, అదే కాలక్షేపం. నిప్పు పైన ఉండి ఉండి అంగిలి మాడింది.

ఇప్పుడు నోటికీ ముక్కుకీ మధ్య అడ్డం లేదు. గంజి తాగితే ముక్కులోంచి కారుతుంది. మాటా అటే పోతుంది. నా ఇంటి తలుపు నన్ను గుర్తుపట్టదు. నా కోడలు పైడితల్లి వెనక నిలబడి "మా అత్తే, తియ్యి" అంటే తెరుచుకుంటుంది. నా ఇల్లు, నేను కట్టించిన ఇల్లు.

ఆస్పత్రివాళ్ళు ప్లేటు ఇచ్చారు. కట్టుడుపళ్ళ సెట్టులాంటిదే, పైన బుడిపె ఉండి కన్నాన్ని మూస్తుంది. అది పెట్టుకుని కొన్నాళ్ళు పాడాను. పుండు మానేకొద్దీ కన్నం ఆకారం మారి ప్లేటు వదులైంది. ఒకరోజు రొయ్యల తట్ట మీద పాట పెంచుతున్నాను. ఇంకెవరని గొంతెత్తానో లేదో ప్లేటు జారి రొయ్యల్లో పడింది. కొనడానికొచ్చిన కుర్రాడొకడు తడిమి తీసి, తుడిచి, రెండు చేతులతో అందించాడు. "మామ్మగారూ, మీదండి" అన్నాడు. నవ్వుంటే తిట్టి పోసేదాన్ని. నవ్వలేదు. ఆ మర్యాదకే నేను చచ్చిపోయాను. ఆ రోజు నుంచి గోడెక్కలేదు.

నాకు నోరు కట్టాలో వద్దో ఆస్పత్రి కమిటీ తేలుస్తుందట. డెబ్బై దాటినవాళ్ళు తమ కేసు తామే చెప్పుకోవాలట. మొహం చూస్తే జాలి పుడుతుందని మనిషిని చూడరు, ఈ పెట్టె పంపే అచ్చు మాత్రమే చదువుతారు. నా ముక్కుమాటని పెట్టెకి నేర్పింది పైడితల్లి. నేను ఒకటి అంటే ఆమె అదే తిరిగి అనేది, పెట్టె రెండూ విని పట్టుకుంది. నా మాటని కడిగి పుస్తకాల భాషలో పెడుతుందట. మా వాళ్ళ మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచమన్నాను. వాటిని కడగడానికి ఇదెవరు?

పలుకు 2. తదియ నాడు

ఇవాళ డాక్టరు నిరుపమగారు దారులన్నీ విప్పి చెప్పారు. చిన్న వయసు, నెమ్మదైన మనిషి.

"కాసులమ్మగారూ, ప్లేటు కొత్తది చేయిస్తాం. కోతా కుట్లూ ఉండవు. మీ వయసుకి అదే నయం."

నేను అడిగింది ఆమెకి అర్థం కాలేదు. పైడితల్లి వైపు చూశారు.

"వయసుకి నయం సంగతి తరవాత, నోటికి ఏది నయమో సెప్పమంటన్నాది" అంది పైడితల్లి.

ముంజేతి చర్మాన్ని నెత్తురు గొట్టంతో సహా తీసి అంగిలికి కుట్టొచ్చట. రోజంతా ఆపరేషను, నా గుండె ఓర్చుకోవాలి. కాలి సన్నెముక తెచ్చి వేస్తే పళ్ళు కూడా నాటొచ్చు, కానీ నా కాళ్ళ నాళాలు చుట్టలకి పూడుకుపోయాయి. కణత కండని దించితే పని తొందరగా అవుతుంది, అయితే నా కన్నానికి అది చాలదు, కణత దగ్గర గుంట పడుతుంది.

"ముంజేతి తోలు ఏస్తే నోట్లో ఎంటికలు మొలుత్తాయంట కదా?" పైడితల్లి సొంతంగా అడిగింది.

"మొలవొచ్చు."

"మా అత్తకి నోట్లో మీసం కూడా వొస్తే ఇంక మేం పట్టలేం డాట్రమ్మా."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే అప్పుడే తాగిన నీళ్ళు ముక్కులోంచి డాక్టరు బల్ల మీద పడ్డాయి. పైడితల్లి తన కొంగుతో తుడిచింది. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

అప్పుడు చెప్పారు మోత సంగతి. నా నోట్లో మిగిలిన మంచి కండ నలుసు తీసి అతుకు పెంచుతారు. అది ముదిరేదాకా నెత్తురు బాగా నడిచే మరో మనిషి చేతి మీద ఉండాలి. ముదిరాక ఒలిచి నాకు కుడతారు, ఆపరేషను చిన్నది, నా గుండెకి భారం లేదు. మోసేవాళ్ళు ఇంటి మనిషయితే కమిటీ ఒప్పుకుంటుంది. అతుకు చెడితే మాత్రం డెబ్బై దాటినవాళ్ళకి రెండో అతుకు లేదు. ఇక జన్మంతా ప్లేటే.

పైడితల్లి నా కొడుకు ఎర్రయ్య భార్య. వాడు గోడ తెగిన తుఫానులో పోయాడు. ఆమె పుట్టింటికి పోలేదు. ఉండమని నేను అనలేదు, పొమ్మనీ అనలేదు. వంట దగ్గర, వలల దగ్గర, పడుకున్నా లేచినా తిడుతూనే ఉన్నాను. ఆ మనిషి జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, ముంజేతిని బల్ల మీద పెట్టింది.

"ఇదిగో, ఇక్కడ ఏసీండి."

ఏం అనాలో తెలియనప్పుడు నా నోటికొచ్చేది ఒకటే రకం మాట. "ఎడం చెయ్యి ఇయ్యి, కుడిది పనికి కావాలి" అన్నాను. దాన్ని కూడా డాక్టరుకి ఆమే చెప్పింది.

కమిటీవారూ, తినడానికి ప్లేటు చాలు. పాడడానికి చాలదు. కాటికి కాళ్ళు చాపుకున్నదానికి నోరెందుకని మీలో ఎవరైనా అనుకుంటే, ఆ మాట నేను మీకంటే ముందే అనుకున్నాను. సిగ్గుగానే ఉంది. అయినా కావాలి.

పలుకు 3. పున్నమి పోటు

కమిటీ ఒప్పుకుంది. అతుకు పైడితల్లి ఎడమ ముంజేతి మీద ఉంది.

మొదట వానపాము రంగులో ఉండేది. ఇప్పుడు ఎర్రబడింది, తడిగా ఉంటుంది. నిన్నటి నుంచి దాని మీద ముడతలు లేస్తున్నాయి. పోటు దిగాక ఇసక మీద అలలు గీసిన గీతల్లా ఉన్నాయి. నాలికతో తడిమినప్పుడు ఉండేవే అవి, నాకు గుర్తున్నాయి. రోజూ పొద్దున మందునీళ్ళతో కడిగేది నేనే. నా అంగిలిని నేను బయటి నుంచి కడుగుతున్నాను. మొహం అద్దంలో చూసుకున్నట్టు కాదు అది, ఒళ్ళు విప్పి నలుగురిలో పెట్టినట్టు ఉంటుంది. కడిగాక గుడ్డ కప్పేస్తాను.

ఆ చేతికి ఉప్పునీళ్ళు తగలకూడదు. అందుకని వలగదుల్లో నాచు గీకడం, చచ్చిన చేపలు ఏరడం నా వంతు అయ్యాయి. నడుం పట్టేస్తోంది. పైడితల్లి గట్టు మీద కూర్చుని కుడిచేత్తో వల ముడులు వేస్తుంది, ఎడంచేత్తో వల పట్టుకుంటుంది.

పక్కింటి దేముడమ్మ రోజూ వస్తుంది. గుడ్డ ఎత్తి చూసిందాకా కదలదు.

"ఒలమ్మ, అత్త నోరు కోడలి సేతికొచ్చీసింది! తిడతాదేటే రాత్రిపూట?"

"ఇంకా పళ్ళు రానేదు పిన్నీ," అంది పైడితల్లి. "వొచ్చాక కరుత్తాది."

దేముడమ్మ నవ్వి నవ్వి కూలబడింది. నేను "పని చూసుకోవే" అన్నాను. దేముడమ్మకి అర్థం కాలేదు. పైడితల్లి చెప్పలేదు.

పలుకు 4. బహుళ అష్టమి

అతుకు అంచు తెల్లబడింది. గోరు మీద మచ్చలా మొదలై పాకుతోంది.

డాక్టరు దీపం పెట్టి చూశారు. మొహం మారింది. "నెత్తురు చివరిదాకా అందడం లేదు. ఉప్పునీళ్ళు తగిలాయా? దెబ్బేమైనా?"

"నేదు డాట్రమ్మా."

నాకు కళ్ళు కమ్మాయి. ఆ చేత్తో ఏం చేశావే, తొట్టిలో ముంచావా, నా నోరు రావడం నీకిష్టం లేదా, నోరొస్తే తిడుతుందనేగా, ఎర్రయ్యని మింగావు ఇప్పుడు దీన్ని కూడా మింగు, అన్నాను. ఇంకా అన్నాను. వార్డంతా విన్నది. వాళ్ళకి వినిపించింది ముక్కులోంచి వచ్చే గుర్రు మాత్రమే.

"ఏమంటున్నారు?" డాక్టరు కంగారుగా అడిగారు.

పైడితల్లి చేతి గుడ్డ సరిచేసుకుంది. "నన్ను తిడతన్నాదండి."

"ఏమని?"

"సానా ఉన్నాదండి. మీకెందుకు, తేలు మంతరం అనుకోండి." మళ్ళీ తనే అంది, "ఉప్పునీళ్ళు ముట్టుకున్నానేటో అని అడుగుతన్నాది. నాను ముట్టుకోనేదు."

నా తిట్లని నా కోడలు నాకోసం మర్యాదగా మార్చి చెప్పింది. నా పక్క మంచం ముసలాయన పాపం అన్నట్టు నన్ను చూశాడు. ఆమెను చూడవలసింది.

అతుకు మీద వేసే మందు చుక్కలు రెట్టింపు చేశారు. దారిలో పైడితల్లి నాతో మాట్లాడలేదు. ఇంటి దగ్గర కూడా పలకడం లేదు. పిలిస్తే ఊఁ అని ముక్కుతో అంటుంది. అలిగిందనుకున్నాను. అలగనీ అనుకున్నాను.

పలుకు 5. అమావాస్యకి ముందు రోజు

అలక కాదు.

పొద్దున వలగదిలోంచి పిలిచాను, తట్ట అందివ్వమని. గట్టు మీదే ఉంది, ఊఁ అంది. మళ్ళీ పిలిచాను. దవడ కదపకుండా ఊఁ అంది. నిప్పు నోట్లో ఉన్న ఆడది అలాగే అంటుంది. పెదవి విప్పితే గాలి తగిలి నాలిక కాలుతుంది. యాభై ఏళ్ళు నేను అలాగే అన్నాను. ఆ ఊఁ నాకు తెలియకపోవడమేమిటి? తెలుసుకోవాలని చూడలేదు, అంతే.

గట్టెక్కి ఎదురుగా నిలబడ్డాను. "నోరు తెరు."

తెరిచింది. చుట్ట కొస ఎర్రగా ఉంది. నేను మానేశాక చూరులో దోపి మరిచిపోయిన కట్టలోది. నేను లాగి నీళ్ళలో పారేశాను.

"నొప్పెడతన్నాది అత్తా," అంది. "మొదట్నించీ. నరంలో నిప్పు దూర్చినట్టుంటాది. పంటి నొప్పికి నువ్వు ఏటి సేసేదానివి? అదే సేసినాను."

"అది నా అంగిలిని తినేసింది కదే!"

"తింటే నోట్లోదాన్నే తింటాది కదా. ఇప్పుడది నోట్లో నేదు. సేతి మీదున్నాది. నిప్పు సేతికి తగలకుండా సూసుకున్నాను."

నేను ఆమెను తిట్టలేకపోయాను. నేనైనా అలాగే అనుకునేదాన్ని. నిప్పు కాలుస్తుందని మాకు తెలుసు. పొగ నెత్తురులో కలిసి చేతి దాకా నడుస్తుందని మాకెవరు చెప్పారు? మోత మొదలుపెట్టే ముందు ఆస్పత్రివాళ్ళు ఆమె నెత్తురు చూశారు, అప్పుడు శుభ్రంగానే ఉంది. ఆ తరవాత ఎవరూ అడగలేదు. వాళ్ళూ అడగలేదు, నేనూ అడగలేదు.

"నొప్పని ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే డాట్రమ్మ తీసెత్తాది. నీకింక ప్లేటే." వల పక్కన పెట్టి అంది, "నువ్వు గోడ మీద లేకపోతే నన్ను నమిలెత్తన్నారత్తా. ఎర్రయ్య పెళ్ళాం తట్టకి సగం దరే కట్టెత్తన్నారు. నీ నోరు ఉన్నప్పుడు ఎవుడూ నా వైపు కన్నెత్తి సూడనేదు. నన్ను తిట్టీది నువ్వొక్కర్తివే."

గుడ్డ విప్పాను. రోజూ విప్పుతూనే ఉన్నాను. అతుకు ఎంత ఎర్రగా ఉంది, ఎంత తెల్లబడింది, అదే చూశాను. దాని కింద చెయ్యి ఉందని ఇవాళ చూశాను. ముంజేతి నుంచి మోచెయ్యి దాకా ఎర్రటి చార పాకి ఉంది. ముట్టుకుంటే పొయ్యిలా ఉంది. వేళ్ళు వాచి ఉన్నాయి.

"మానేత్తాను," అంది. "కోలుకుంటాది. ఎవుళికీ సెప్పకు."

పడవని పిలవమన్నాను. పిలవనంది. నా గొంతుకి పడవ రాదు. కుడిచెయ్యి పట్టుకుని గోడ పొడవునా నడిపించుకుని ఆస్పత్రికి తెచ్చాను. దారి పొడవునా నా ముక్కు కారుతూనే ఉంది. తుడుచుకోడానికి చెయ్యి వదల్లేదు.

పలుకు 6. అదే రోజు, ఆస్పత్రిలో. ఎర్ర మీట నొక్కి చెబుతున్నాను

పెట్టె మీది ఈ మీట నొక్కితే కమిటీకి కాదు, ఆస్పత్రిలో ఉన్న పలకలన్నిటి మీదా అచ్చు పడుతుందట. పడనీ. అందరూ చదవండి. నిరుపమమ్మా, నువ్వు ముందు చదువు.

నువ్వు మా ఇద్దరికీ రెండు దారులు చెప్పావు. నాళం చీము పట్టకముందే అతుకుని ఇవాళే తీసెయ్యాలన్నావు. తీసి పారేస్తే పైడితల్లి చెయ్యి మానుతుంది. లేదంటే బతికున్న సగాన్ని ఆమె మణికట్టు నాళంతో సహా కోసి ఇప్పుడే నాకు కుట్టొచ్చు. సగం కన్నం మూసుకుంటుంది, మిగతా సగానికి చిన్న ప్లేటు జారకుండా పట్టుకుంటుంది, గొంతు చాలావరకు వస్తుంది. ఆమె బొటనవేలికి పట్టు తగ్గొచ్చు. నిర్ణయం కాసులమ్మగారిదే అన్నావు.

నేను వద్దన్నాను.

"సరే కానిమ్మంటన్నాది" అని చెప్పింది నా కోడలు.

నేను తల అడ్డంగా ఊపాను. "ఆపరేసనంటే బయం. మొదటిసారీ ఇలాగే తలాడించింది" అంది. నేను మంచం మీద గుద్దాను. "సూసినారా, తొందరగా సెయ్యమంటన్నాది" అంది. నువ్వు నా చెయ్యి నిమిరి, భయం లేదమ్మా అని వెళ్ళిపోయావు.

నిరుపమమ్మా, అది అబద్ధం చెప్పింది. నా నోటి మాట తెలిసిన మనిషి లోకంలో అదొక్కతే, అదే నా మీద అబద్ధం చెప్పింది. ఇప్పుడు పక్క గదిలో దాని చేతికి మందు పూస్తున్నారు, సామాన్ల చప్పుడు వినిపిస్తోంది. నేను వద్దన్నాను. వద్దు, వద్దు, వద్దు.

కుడిచెయ్యి ముడి వెయ్యాలంటే ఎడం బొటనవేలు వలని బిగించి పట్టాలి. ముడి పడకపోతే అది బతకలేదు.

ఇంకా ఎందుకు వద్దో కూడా చదువుకోండి, ఆస్పత్రివాళ్ళందరూ. నేను అతుకుని రోజూ కడిగాను, ఎండ తగలకుండా గుడ్డ కప్పాను, దిష్టి తగలకుండా దేముడమ్మని తిట్టాను. నొప్పిగా ఉందా అని ఒక్కరోజు అడగలేదు. మీ కమిటీ కూడా నన్ను ఎన్నో అడిగింది, మింగగలవా, పాడగలవా, ఎన్నేళ్ళు బతుకుతావు అని. మోసే మనిషిని ఏమీ అడగలేదు. మీకు సిగ్గుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

నా కేసు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ చెయ్యి బాగుచెయ్యండి.

తలుపు తెరుచుకుంటోంది. నిరుపమమ్మ పలక పట్టుకుని పరిగెత్తుకొస్తోంది.

పలుకు 7. పాడ్యమి

అతుకు తీసేశారు. నాకు చూపించమంటే చూపించారు. గిన్నెలో చిన్నగా ఉంది, ముడతలు సగం తెల్లగా, సగం ఎర్రగా. చాలాసేపు చూశాను. తరవాత తీసుకుపొమ్మన్నాను.

ప్లేటుకి కొత్తగా కొలత తీసుకున్నారు. రెండు వారాల్లో ఇస్తారట. దాంతో గోడెక్కుతానో లేదో నాకే తెలియదు.

పైడితల్లి చేతికి పెద్ద కట్టు కట్టారు. వేళ్ళ వాపు దిగుతోంది. నిన్న ఇంటికొచ్చినప్పటి నుంచి నా మొహం చూడలేదు. గంజి నా ముందు పెట్టి అటు తిరిగి కూర్చుంది. ఇది నిజం అలక. నోట్లో నిప్పు లేకుండా, పళ్ళు బిగించి, చక్కగా అలిగింది.

"బంగారం లాంటి దాన్ని గిన్నెలో పారబోయించీసినావు," అంది చివరికి, గోడతో. "ఊరందరికీ అచ్చేసి నన్ను అబద్దాలకోరును సేసినావు. ఇన్నాళ్ళూ మోసినందుకు నాకిది మర్యాద."

నేను గంజి పక్కన పెట్టాను. ముక్కు తుడుచుకున్నాను. తిట్టయితే వెంటనే వచ్చేది.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

ఆమె తిరిగి చూసింది. తిట్టేమో అని కొంచెంసేపు వెతికింది నా మొహంలో.

"ఉన్నాది," అంది. "మొదటి రోజైతే మరీనత్తా, నీకు సెప్పనేదు గాని..."

చెబుతోంది. చాలా ఉన్నట్టుంది. ఇది కమిటీవారికి అక్కర్లేదు. పెట్టె ఆపేస్తున్నాను.